ఏ నరమో చెప్పే సారు కావాలి

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, ముందుగా ‘యువత – లక్ష్యం’ లాంటిది ఒకటి రాద్దామనుకున్నాను. పదో తరగతిలో ఉండగా ఇదే సంచికకు నేను రాసిన వ్యాసం దాదాపు అలాంటిదే. ఈసారి మాత్రం నాకు బాగా తెలిసిన సంగతి, మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి రాస్తున్నాను. పైకి చూస్తే చిన్న విషయమే. ఫిజియోథెరపీ చదివే విద్యార్థులకు అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, ఎవరు చెప్పాలి? ఆ చెప్పేవారిని ఎవరు, ఏ పద్ధతిలో నియమించాలి? ఇదీ నా విషయం. ఇది మనకెందుకు అనుకోకుండా చివరిదాకా చదవమని మనవి.

నా గురించి రెండు మాటలు. నేను ఇదే హాస్టల్లో ఐదో తరగతి నుంచి పది వరకు చదివాను. మా తాత బొగ్గు ఫిల్లర్. ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడు ఆ కొలువు మా పెద్దబాపుకు పోయింది. మా బాపు కాంట్రాక్టు పనికి పోతాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. మంచిర్యాలలో ఇంటర్ బైపీసీ, హైదరాబాద్‌లో బీపీటీ పూర్తి చేసి, ఇప్పుడు ఎంపీటీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. చదువయ్యాక సాయంత్రాలు ఇళ్ళకు పోయి పక్షవాతం వచ్చినవాళ్ళకు వ్యాయామాలు చేయిస్తాను. నా ఖర్చులు దానితోనే వెళ్తాయి.

బీపీటీ ఇంటర్న్‌షిప్ అయిపోయి, పీజీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో ఒక ప్రైవేటు కళాశాల నుంచి నాకు ఫోన్ వచ్చింది. “ఫస్టియర్ వాళ్ళకు అనాటమీ చెప్పాలి, వస్తావా?” అని అడిగారు. “నేను పీజీ చేయలేదు సార్” అన్నాను. “ఫరవాలేదు, నీ దగ్గర నోట్సు ఉంటుంది కదా, చూసుకొని చెప్పు. తనిఖీకి వచ్చినప్పుడు చూపించడానికి వేరే డాక్టరు గారి పేరు ఉంది” అన్నారు. నెలకు 15 వేలు ఇస్తామన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట చెప్పాను. మా అవ్వ సంబరపడ్డది. నేను పోనంటే, “పిల్లలకు సదువు చెప్పుడు పుణ్యమే గద బిడ్డా, ఎందుకు వద్దంటున్నవ్?” అన్నది. బాపు ఏమీ అనలేదు. నెలకు 15 వేలు మా ఇంట్లో ఎంత పెద్ద మొత్తమో ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుతున్న తీరే చెప్పింది. తాత మాత్రం మంచంలోంచి ఒక్కటే అడిగాడు: “నీకు ఆ సర్టిఫికెటు ఉన్నదారా?”

ఈ ప్రశ్న బొగ్గుబాయి ఎరిగినవాళ్ళకే అర్థమవుతుంది. భూగర్భ గనిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందో డొల్లగా ఉందో చూసేవాడు మైనింగ్ సర్దార్. గనుల భద్రతా డైరెక్టరేట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందితేనే ఆ పనికి అర్హుడు. కొత్తగా చేరిన కార్మికుణ్ణయినా 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ ఇవ్వకుండా దింపరాదు. “సర్దారు రాలేదని ఇంకెవనితోనో కప్పు తట్టిస్తే మేం దిగుతుంటిమా?” అన్నాడు తాత. బాయిలో ఉన్న ఆ కట్టడి బడిలో ఎందుకు లేదని ఆయన అడిగినట్లయింది.

నేను ఆ ఉద్యోగానికి పోలేదు. పోకపోవడం గొప్పతనమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నేను కాదంటే మర్నాడే ఇంకొకరు చేరి ఉంటారు, ఆ పిల్లల పరిస్థితి అలాగే ఉంటుంది. ఒకరి మంచితనంతో తీరేది కాదిది. నియామకాల పద్ధతి మారితే తప్ప తీరదు. అందుకే దీన్ని నలుగురి ముందు పెడుతున్నాను.

ముందుగా, ఫిజియోథెరపీకి అనాటమీ అంత ముఖ్యమా అని అడిగేవాళ్ళకు మన భాషలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. మెడ తిరగకపోయినా, నడుము వంగకపోయినా, కాలు తిమ్మిరెక్కినా మనం ‘నరం పట్టింది’ అంటాం. ముంజేతి మీద నీలంగా కనిపించేదాన్నీ నరమే అంటాం. మడమ వెనక తాడులా చేతికి తగిలేదాన్నీ నరమే అంటాం. వెన్నుపాము నుంచి కాళ్ళకు కబురు మోసేదాన్నీ నరమే అంటాం. మొదటిది సిర, రక్తాన్ని గుండెకు తీసుకుపోతుంది. రెండోది స్నాయుబంధనం, కండను ఎముకకు కడుతుంది. మూడోది నాడి, కండకు ఆజ్ఞ తెస్తుంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి మూడింటికీ ఒకే మాట సరిపోతుంది. వైద్యం చేసే చేతికి మాత్రం సరిపోదు. ఒకదానికి చేయాల్సిన చికిత్స ఇంకొకదానికి చేస్తే మేలు బదులు కీడు జరుగుతుంది. సిరలో గడ్డకట్టిన రక్తంతో వాచిన పిక్కను, కండ పట్టిందనుకొని గట్టిగా మర్దనా చేస్తే ప్రాణానికే ముప్పు.

పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలు, 600కు పైగా కండరాలు, వెన్నుపాము నుంచి బయలుదేరే 31 జతల నాడులు ఉంటాయి. శస్త్రచికిత్స చేసే డాక్టరు కోసి లోపల ఏముందో చూస్తాడు. ఫిజియోథెరపిస్టు చేతిలో కత్తి లేదు. చర్మం పైనే చేయి పెట్టి లోపల ఏముందో గుర్తుపట్టాలి. కాబట్టి అనాటమీ మాకు ఫస్టియర్‌లో పాసై పక్కన పెట్టే సబ్జెక్టు కాదు, అది మా చూపు.

మరి ఆ చూపు మాకు ఎలా వచ్చింది? మా కళాశాలకు శనివారం శనివారం ఒక వైద్య కళాశాల నుంచి అనాటమీ డాక్టరు గారు వచ్చేవారు. చాలా మంచి సారు. రంగు సుద్దముక్కలతో భుజం దగ్గరి నాడుల అల్లికను ఆయన బోర్డు మీద గీస్తే, చెరపడానికి మాకు మనసొప్పేది కాదు. కాని ఆయనకు తన ఎంబీబీఎస్ క్లాసులు, పరీక్షలు ఉండేవి. నెలకు రెండు శనివారాలు వస్తే గొప్ప. రాని రోజు ఎవరో ఒక సీనియర్ చౌరాసియా పుస్తకం తెరిచి చదివి వినిపించేవారు. ప్రయోగశాలలో ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉండేది, దానికి ఎడమ చేయి సగమే ఉంది. శవాన్ని కోసి చూపే శాలకు ఏడాదిలో రెండుసార్లు తీసుకుపోయారు. ఒక బల్ల చుట్టూ అరవై మందిమి నిలబడ్డాం. వెనక వరుసలో ఉన్న నాకు ముందున్నవాళ్ళ తలలు కనిపించాయి. అయినా పరీక్షలో నాకు 70 మార్కులు వచ్చాయి.

ఆ 70 మార్కుల విలువ ఇంటర్న్‌షిప్‌లో తెలిసింది. నలభై ఏళ్ళ కూలీ ఒకాయన, ప్రమాదంలో కాలు ఎముకలు విరిగి, కట్టు విప్పాక మోకాలు వంగడం లేదని వచ్చాడు. మన దిక్కు మనిషే. “సారూ, పాదం లేస్తలేదు, చెప్పు జారిపోతున్నది” అన్నాడు. “చాలా రోజులు కట్టులో ఉంది గదా, మెల్లగ వస్తది” అన్నాను. రెండు వారాలు మోకాలే వంచాను. మూడో వారం మా సీనియర్ మేడం ఆయన నడకను దూరం నుంచే చూశారు. మోకాలు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు, పాదం నేలకు టప్పున కొడుతున్నది. మేడం వచ్చి, మోకాలి కింద బయటి వైపు వేలు పెట్టి, “ఇక్కడ ఏ నాడి పోతుంది?” అని నన్ను అడిగారు. “కామన్ పెరోనియల్ నర్వ్. ఫిబ్యులా ఎముక మెడను చుట్టుకొని ముందుకు పోతుంది. అది దెబ్బతింటే పాదం పైకి లేవదు” అని గడగడా చెప్పాను. పరీక్షలో నాకు మార్కులు తెచ్చిన వాక్యమే అది. “మరి రెండు వారాల నుంచి ఏం చూస్తున్నావ్?” అన్నారు మేడం.

నాకు వాక్యం తెలుసు, చోటు తెలియదు. ఆ చోటు మీద నా వేలు పట్టి పెట్టించినవారు లేరు. ఆయనకు అదే రోజు పాదం జారకుండా పట్టీ వేసి, నాడి పరీక్షకు, డాక్టరు దగ్గరికి పంపారు. పాదం కొద్దిగా లేవడం మొదలైన దాకా చూశాను. తర్వాత నా పోస్టింగు మారింది. ఆ రెండు వారాల వల్ల ఆయనకు ఎంత నష్టం జరిగిందో లెక్క కట్టలేను. అసలు జరగకపోయినా, ఆయన తన నోటితో చెప్పిన మాటను నేను వినలేదన్న తప్పు అలాగే ఉంటుంది. నెలకు 15 వేల ఉద్యోగం వద్దన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ జారిపోయిన చెప్పే. చోటు తెలియని నేను ఇంకో అరవై మందికి వాక్యం నేర్పాలా?

ఇంతకీ అనాటమీ అధ్యాపకులు ఎందుకు దొరకడం లేదు? కారణాలు తెలుసుకోకుండా ఒకరి మీద నెపం వేయడం న్యాయం కాదు. ఎంబీబీఎస్ చదివినవాళ్ళలో ఎక్కువమంది పీజీలో రోగిని చూసే విభాగాలే కోరుకుంటారు. అనాటమీ ఎండీ సీట్లు దేశంలో ఏటా మిగిలిపోతూ ఉంటాయి. మరోవైపు వైద్య కళాశాలలు పెరిగాయి. మన రాష్ట్రంలోనే 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు కొత్తగా మొదలయ్యాయి. అన్నింటికీ అనాటమీ విభాగం తప్పనిసరి. అధ్యాపకుల కొరత మీద 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని పలు ప్రభుత్వ వైద్య కళాశాలలను సంజాయిషీ అడిగింది. డాక్టర్లను తయారుచేసే చోటే కొరత ఉంటే, ఫిజియోథెరపీ కళాశాలకు మిగిలేదెవరు? పంక్తిలో చివర కూర్చున్నవాడికి గిన్నె అడుగే మిగులుతుంది. హాస్టల్ మెస్‌లో తిన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

ఇంకో కారణం మా వృత్తి చరిత్రలోనే ఉంది. మన దేశంలో ఫిజియోథెరపీ బోధన 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో, పోలియో బాధితుల కోసం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో మొదలైంది. నర్సింగుకు 1947లో, ఫార్మసీకి, దంతవైద్యానికి 1948లో కేంద్ర చట్టాలు వచ్చాయి. ఫిజియోథెరపీని కూడా కలుపుకొని జాతీయ స్థాయిలో ఒక చట్టం రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన కమిషన్ 2025 ఏప్రిల్‌లో కొత్త పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు ఐదేళ్ళు. సంతోషమే. కాని ఏళ్ళు పెంచి, చెప్పే సారును మాత్రం శనివారానికే పరిమితం చేస్తే ఏం లాభం?

అయితే అనాటమీ ఎవరు చెప్పాలి? దీని మీద మూడు వాదనలు ఉన్నాయి. ఎండీ చేసిన డాక్టర్లే చెప్పాలని కొందరు అంటారు. మూడేళ్ళు అనాటమీలోనే ఎమ్మెస్సీ చేసినవాళ్ళు చాలని ఇంకొందరు. మా వృత్తివాళ్ళలో చాలామంది ఫిజియోథెరపిస్టులే చెప్పాలంటారు. ప్రతి వాదనలోనూ న్యాయం ఉంది. డాక్టరుకు జబ్బు తెలుసు. ఎమ్మెస్సీ చేసినవారికి శవశాలలో గడిపిన అనుభవం ఎక్కువ. ఫిజియోథెరపిస్టుకు నడిచే మనిషి తెలుసు. ప్రతి ఒక్కరికీ ఒక లోటు కూడా ఉంది. డాక్టరుకు తీరిక లేదు, ఎమ్మెస్సీ వారికి రోగితో పరిచయం తక్కువ, మాకు శవశాల అనుభవం తక్కువ.

ఎమ్మెస్సీ వాళ్ళ సంగతి మరీ విచిత్రం. ఒకప్పుడు వైద్య కళాశాలల అనాటమీ విభాగంలో 30 శాతం దాకా పోస్టుల్లో వాళ్ళను తీసుకోవచ్చని ఉండేది. 2020లో దాన్ని 15 శాతానికి కుదించారు. అప్పటినుంచి దీని మీద వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. ఎంబీబీఎస్ పిల్లలకు వాళ్ళు ఎంతమంది చెప్పవచ్చో పెద్దలు తేల్చుకోనీయండి. మాకు మాత్రం వాళ్ళు కావాలి, పూర్తికాలం కావాలి. ఒకవైపు చెప్పగలిగినవాళ్ళు ఉద్యోగాల కోసం తిరుగుతుంటే, ఇంకోవైపు గంట లెక్కన కూలి ఇచ్చి పిల్లలకు నోట్సు చదివించడం ఎక్కడి న్యాయం?

పేరు ముందు ఏ పట్టా ఉందన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ సారు రోజూ వస్తారా? అన్నది. రెండు గంటలు వచ్చి పోయే పండితుని కంటే, పిల్లవాని వేలు పట్టుకొని ఎముక మీద పెట్టించి, “మళ్ళీ చెప్పు” అని అడిగే పూర్తికాలపు అధ్యాపకుడే మాకు మేలు. అమెరికాలాంటి దేశాల్లో ఫిజికల్ థెరపీ విభాగాలకు అనాటమీ అధ్యాపకులను విశ్వవిద్యాలయాలే ప్రకటన ఇచ్చి నియమించుకుంటాయి. థెరపిస్టుగా పనిచేసి, తర్వాత అనాటమీలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా ఆ కొలువుల్లో కనిపిస్తారు. అంటే శవమూ తెలిసి, నడకా తెలిసినవాళ్ళు. మన దేశంలోనూ కొన్ని విశ్వవిద్యాలయాలు బీపీటీ చదివినవారిని ఎమ్మెస్సీ అనాటమీలో చేర్చుకుంటున్నాయి. ఆ దారిని మన రాష్ట్రంలో వెడల్పు చేయాలి.

ఇక మన ప్రాంతం మాటకు వస్తాను. మందమర్రి నుంచి గోదావరిఖని దాకా ఏ వాడకు పోయినా నడుము పట్టినవాళ్ళు కనిపిస్తారు. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన పాతతరం ఫిల్లర్ల మోకాళ్ళు అరిగిపోయాయి. ఓపెన్‌కాస్టులో ఏళ్ళ తరబడి డంపర్ నడిపినవారికి ఆ కుదుపుకు వెన్నుపూసల మధ్య దిండ్లు దెబ్బతింటాయి. ప్రమాదాల్లో కాళ్ళుచేతులు విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు సరేసరి. ప్రపంచంలో 240 కోట్ల మందికి ఇలాంటి పునరావాస చికిత్స అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందులో మన వాడలు కూడా ఉన్నాయి.

అదృష్టం ఏమిటంటే, కావలసిన సరంజామా ఇప్పుడు మన దగ్గరే ఉంది. 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మంచిర్యాల ఒకటి, రామగుండం ఇంకొకటి. మందమర్రిలో బస్సెక్కితే మంచిర్యాల అరగంట. రామగుండం కళాశాల సింగరేణి సంస్థ ఆర్థిక సహకారంతో వచ్చింది. అనాటమీ విభాగమూ, విచ్ఛేదన శాలా లేకుండా వైద్య కళాశాల ఉండదు కదా. వాటికి అనుబంధంగా ప్రభుత్వ ఫిజియోథెరపీ కోర్సు పెట్టమని, దాని కోసం ప్రత్యేకంగా అనాటమీ పోస్టులు మంజూరు చేయమని మనం అడగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో పెద్దాసుపత్రి నీడనే ఫిజియోథెరపీ చదువు నడుస్తున్నది. బొగ్గుబాయిల మధ్య ఎందుకు నడవకూడదు?

నా కోరికలు నాలుగే. ఒకటి, అనాటమీ అధ్యాపకుణ్ణి ప్రతి ఫిజియోథెరపీ కళాశాలా పూర్తికాలం, రెగ్యులర్ పోస్టులో నియమించుకోవాలి. ఒకే వ్యక్తి పేరు రెండు కళాశాలల రిజిస్టర్లలో ఉండకుండా విశ్వవిద్యాలయం చూడాలి. రెండు, ఎంపిక రోజున ఇంటర్వ్యూతో సరిపెట్టకుండా, విద్యార్థుల ముందు ఒక పాఠం చెప్పించాలి. బొమ్మ మీద కాకుండా ఒక మనిషిని నిలబెట్టి, “ఈయన చేయి ఎత్తలేకపోతున్నాడు, ఏ కండ, ఏ నాడి, చూపించండి” అని అడగాలి. మూడు, శవశాలలో అనాటమీ అధ్యాపకుని పక్కన ఒక ఫిజియోథెరపీ అధ్యాపకుడు కూడా ఉండి ఇద్దరూ కలిసి చెప్పాలి. ఉదయం శవం మీద చూసినదాన్ని మధ్యాహ్నం తోటి విద్యార్థి మోకాలి మీద వెతకాలి. నాలుగు, ఈ నియామకాల్లో రూల్ ఆఫ్ రిజర్వేషన్ పాటించాలి.

“దీనికంతా డబ్బు ఎక్కడిది? ఇప్పుడు కంప్యూటర్ బల్ల మీదే శరీరాన్ని పొరలు పొరలుగా చూపిస్తున్నారు కదా” అని అడగవచ్చు. ఆ బల్ల మంచిదే, ఉంటే వాడుకోవాలి. కాని తెర మీది నాడి వేలికి తగలదు. పైగా బల్ల కొనడానికి దొరికే డబ్బు మనిషిని నియమించడానికి ఎందుకు దొరకదు? ఒక కళాశాల పిల్లలు కట్టే ఫీజులో, లేదా వాళ్ళ తరఫున ప్రభుత్వం కట్టే ఫీజులో, ఒక సారు జీతం బరువేమీ కాదు.

నాలుగో కోరిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో పండిత మధుసూదన్ గుప్తా మానవదేహాన్ని కోసినప్పుడు అది పెద్ద సాహసమని చెప్పుకున్నారు. శవాన్ని ముడితే మైల అని పెద్దకులాలు జంకిన కాలం అది. మరి అప్పటికే ఊరి శవాలకు గుంత తవ్వింది ఎవరు? చచ్చిన గొడ్డును మోసుకుపోయి, కోసి, తోలు తీసింది ఎవరు? మన తాతముత్తాతలే. ఏ కండ ఏ ఎముకకు అంటుకుంటుందో, కత్తి ఎక్కడ పెడితే కీలు విడిపోతుందో వాళ్ళ చేతులకు తెలుసు. ఆ తెలివిని విద్య అని ఎవరూ అనలేదు, మైల అన్నారు. అదే పని బల్ల మీదికి, తెల్లకోటు కిందికి వచ్చాక శాస్త్రం అయింది. అప్పటికి మనం తలుపు బయట ఉన్నాం.

ఇప్పుడు తలుపు తెరిచే ఉందంటారు. కాని నాకు వచ్చినట్లు ఫోన్ కాల్‌తో సాగే నియామకాలకు ప్రకటన ఉండదు, రోస్టర్ ఉండదు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళను పిలుచుకుంటారు. కొలువు రెగ్యులర్ అయితేనే ప్రకటన వస్తుంది, ప్రకటన వస్తేనే రిజర్వేషన్ వస్తుంది. మంచి చదువు, సామాజిక న్యాయం ఒకదానికొకటి అడ్డు అనేవాళ్ళకు నా జవాబు ఇదే. ఇక్కడ రెండింటికీ దారి ఒక్కటే.

ఇందులో సమాజం చేయవలసినదీ ఉంది. పాఠం చెప్పడానికి సారు ఎంత ముఖ్యమో, పాఠంగా మారే దేహం అంత ముఖ్యం. 2024లో మరణించిన సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. చిన్ననాడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలోనే జీవించిన ప్రొఫెసర్ సాయిబాబా దేహాన్ని అదే ఏడాది హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. వాళ్ళ రాజకీయాలతో ఏకీభవించడం, ఏకీభవించకపోవడం వేరే సంగతి. చనిపోయాక కూడా పాఠం చెప్పవచ్చునని ఇద్దరూ చూపించారు.

మొన్న పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు తాత మంచం మీద బోర్లా పడుకొని, “నరం పట్టింది, సూడుర” అన్నాడు. నేను నడుము మీద చేయి పెట్టి, కాలు ఎత్తి చూసి, బొటనవేలు పైకి లేపమని, “తాతా, ఇది నాడి కాదు, కండ పట్టింది” అన్నాను. “ఎట్ల చెప్తున్నవ్?” అని అడిగాడు. చూపించాను. ఇప్పుడు పీజీలో మాకు రోజూ వచ్చే సారు ఒకరున్నారు. ఆయన నా వేలు పట్టి నేర్పినదే అది. అవ్వ గడపలోంచి చూస్తూ, “మరి గా సారునే ఆ పిల్లలకు కూడ పెట్టొచ్చు గద” అన్నది. నేను ఇన్ని పేజీల్లో రాసింది అవ్వ ఒక్క మాటలో అన్నది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో బైపీసీ తీసుకునేవాళ్ళు డాక్టర్ సీటు రాకపోతే బతుకు పోయిందనుకోకండి. ఫిజియోథెరపీ ఉంది, అనాటమీలో ఎమ్మెస్సీ ఉంది, పాఠం చెప్పే కొలువు ఉంది. కళాశాలలో చేరే రోజు భవనాన్ని చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు అడగండి. అనాటమీ చెప్పే సారు ఎవరు? వారానికి ఎన్ని రోజులు వస్తారు? శవశాలలో మాకు ఎన్ని గంటలు ఇస్తారు? జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. పదిమంది కలిసి అడగండి. నేను ఫస్టియర్‌లో అడగలేదు. ఆ బాకీ ఇంకొకాయన పాదం కట్టింది.